సైలెన్సర్ బోల్టు మీద పైపు తొడిగి తిప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా ఇంటికి మీ పేపర్ 20 ఏళ్ళ పైనించి వస్తోందండి. ఇక్కడ తిరువాన్మియూర్లో తెలుగు పేపర్ తెచ్చి వేసేవాళ్ళు దొరకడం కష్టం, ఐనా పట్టుబట్టి వేయించుకుంటున్నాం. కార్ల గురించి వచ్చేవి ఒక్కటి వదలకుండా చదువుతాను, కొత్త మోడల్ ఏది, మైలేజీ ఎంత, లోన్ వడ్డీ ఎంత, అవన్నీ బాగానే ఉంటాయి, కానీ కొన్న కారు పదేళ్ళు తిరిగాక దాని అడుగున ఏం జరుగుతోందో మాత్రం తెలుగులో నాకెక్కడా కనపడలేదు. అందుకే ఈ ఉత్తరం, సైలెన్సర్ బోల్టుల గురించి. చిన్న విషయమని పక్కన పెట్టొద్దండి, మా ఇంట్లో దీనివల్ల ప్రాణాల మీదకి వచ్చింది.

మొన్న సంక్రాంతికి మా ఊరు నాయుడుపేటకి బయల్దేరాం. గుమ్మిడిపూండి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది, ఏసీ వేసుకుని అద్దాలు ఎత్తుకుని అరగంట కదలకుండా కూర్చున్నాం. తడ దాటాక మా ఆవిడ తల పగిలిపోతోంది అంది. మా చిన్నది వెనక సీట్లో నిద్రపోతోంది, మామూలుగా కారెక్కితే నోరు మూయదు అది, ఎండకి అలిసిపోయిందేమో అనుకున్నా. సూళ్ళూరుపేటలో టీ కోసం ఆపి దాన్ని లేపితే కళ్ళు తెరవడానికే చాలాసేపు పట్టింది, లేచాక వాంతి చేసుకుంది. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. పక్కన టీ తాగుతున్న లారీ డ్రైవర్ ఒకాయన గ్లాసు కింద పెట్టి వచ్చి బానెట్ దగ్గర చెవి పెట్టి విని "అన్నా, మీ బండి సైలెన్సర్ జాయింట్ లీకు కొడతా ఉంది, పొగంతా లోపలికే పోతాది, ముందు పాపని గాలికి తీసుకెళ్ళు, ఆ తర్వాత అద్దాలు మొత్తం దించుకుని పోండి" అన్నాడు. నేను విన్నా, పుస్ పుస్ పుస్ మని ఇంజన్ లయలోనే సన్నగా వినపడుతోంది, నెల రోజుల నుంచి వినపడుతూనే ఉంది కూడా, ట్యాపెట్ సౌండేమోలే అని వదిలేశాను. ఆయన పేరు కూడా అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పెట్రోల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ పట్టుకునే చోటుని అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే తొందరగా వదలదు. తలనొప్పి, మత్తు, వాంతి, ఇదే వరస. లీకు ఇంజన్ దగ్గర ఉంటే బానెట్ కింద పొగ నిండి, ముందు అద్దం కింద ఉండే గాలి జాలీలోంచి ఏసీ దాన్ని లోపలికి లాగేస్తుంది. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. వాసన వస్తే తెలుస్తుందిలే అనుకోకండి, పొగలో ఉండే మిగతా వాటి వాసన వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు.

మద్రాసుకి తిరిగొచ్చాక ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్ళా, పేరెందుకులెండి. ఇంజన్‌లోంచి వచ్చే పొగని పోగుచేసే మేనిఫోల్డ్‌కీ సైలెన్సర్ ముందు పైపుకీ మధ్య, రెండింటినీ కలిపి బిగించే ఫ్లాంజ్‌లో, పొగ బయటికి రాకుండా ఆపే గ్యాస్కెట్ పోయింది, 3 నట్లు తీసి గ్యాస్కెట్ మార్చి మళ్ళీ బిగిస్తే అయిపోయే పని. అక్కడి కుర్రాడు నూనె చుక్క కూడా వెయ్యకుండా దెబ్బలు కొడుతూ నట్లు విప్పే ఇంపాక్ట్ గన్ నేరుగా పెట్టాడు, ఒక స్టడ్, అంటే నట్టు ఎక్కే తల లేని బోల్టు, టప్ మని తెగింది. అంతటితో మిగతా రెండూ ఇలాగే తెగుతాయి సార్, మేనిఫోల్డు, పైపు అన్నీ మార్చాలి, 22 వేలవుతుంది అన్నారు. స్టడ్ తెగింది వాళ్ళ చేతిలో, బిల్లు నా చేతికి. ఏమీ మాట్లాడకుండా అద్దాలన్నీ దించుకుని మెల్లగా ఇంటికి తెచ్చేశాను.

మా నాయన నాయుడుపేటలో లారీ షెడ్డు నడిపాడు, 30 ఏళ్ళు. చిన్నప్పుడు నేను ఆ షెడ్డులో పానాలు అందించేవాణ్ణి. జామైన నట్టు దగ్గర ఎవడైనా ఎక్కువ బలం కోసం పానాకి పొడుగు జీఐ పైపు తొడగబోతే నాయన చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "పైపు ఆఖర్న రా, ముందు దానికి నీళ్ళు తాగించు" అనేవాడు, నీళ్ళంటే నూనె అని. అప్పట్లో కిరసనాయిలు, పాత గేర్ ఆయిలు కలిపి ఒక సీసాలో పెట్టుకునేవాడు. ఇదంతా తెలిసి కూడా 2011లో నా మొదటి కారుకి ఆదివారం మధ్యాహ్నం లోపల పని అయిపోవాలని పైపు తొడిగి తిప్పి స్టడ్ విరగ్గొట్టాను, సోమవారం ఆఫీసుకి లీవు పెట్టాల్సొచ్చింది. లెక్క చూడండి, అర మీటరు పైపు చివర 20 కిలోల బలం వేస్తే తిప్పే బలం, అదే టార్క్, దాదాపు 100 న్యూటన్ మీటర్లు, 8 ఎంఎం స్టడ్‌ని మామూలుగా బిగించేది 20, 25 దగ్గర. తుప్పు తిన్న స్టడ్ ఎక్కడ ఆగుతుంది.

అసలు ఈ బోల్టులే ఎందుకు ఇంతగా కరుచుకుంటాయంటే, రోజూ కాలి రోజూ చల్లారేవి ఇవే. మేనిఫోల్డ్ దగ్గర వేడి 600 డిగ్రీలు దాటుతుంది, సాయంత్రం ఇంటికొచ్చి ఆపితే చల్లబడుతుంది, పొద్దున మళ్ళీ. ఆ వేడికి ఫ్యాక్టరీలో వేసిన పూత కాలిపోతుంది, ఇక వట్టి ఇనుము. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్ళు పుడతాయి, ఆవిరిగా బయటికి పోతాయి, కానీ ఇంటి నుంచి కూరగాయల మార్కెట్ దాకా పోయి వచ్చేస్తే సైలెన్సర్ సరిగ్గా వేడెక్కదు, ఆ నీళ్ళు లోపలే నిలిచిపోతాయి. ఇక మా తిరువాన్మియూరూ, బెసంట్ నగరూ, ట్రిప్లికేనూ సముద్రం పక్కనే, ఆ గాలిలో ఉప్పుంది, కిటికీ ఊచలే రెండేళ్ళు ఆగవు. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మా కారు వేళచ్చేరిలో రెండు రోజులు నీళ్ళలో ఉంది, ఇంజన్‌లోకి వెళ్ళలేదు గానీ సైలెన్సర్ మొత్తం మునిగింది. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంజనూ సీట్లూ చూశారు, కింద ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. ఇనుము తుప్పు పడితే రెండింతలకు పైగా ఉబ్బుతుంది, మరల మధ్య ఉండే సందే తక్కువ, అందులో తుప్పు ఉబ్బితే నట్టూ స్టడ్డూ ఒకే ముక్కలా అయిపోతాయి. ఇలా కరుచుకున్నదాన్ని బలంతో విడదీయాలని చూస్తే ఏది సన్నగా ఉందో అది తెగుతుంది.

మా బామ్మర్దికి అంబత్తూర్లో చిన్న లేత్ షాపుంది. ఫోన్ చేస్తే "బావా, ఏమీ తాకబాకు, ఆదివారం నేనొస్తా, ఈలోపు రోజుకి రెండు పూటలా నూనె కొట్టు, అంతే" అన్నాడు. గురువారం సాయంత్రం మొదలుపెట్టాను.

మాది కింద పోర్షను, ముందు కాస్త ఖాళీ స్థలం ఉంది, నేల గట్టిగా ఉంటుంది. వెనక టైర్లకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, జాకీతో ముందు భాగం లేపి రెండు స్టాండ్ల మీద దించాను. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే, దాన్ని నమ్ముకుని కింద పడుకోవద్దు, ఇది బతిమాలి చెప్తున్నా. స్టాండ్లు లేకపోతే అద్దెకి తెచ్చుకోండి, లేదా ఆ పని మానుకోండి. స్టాండ్ల మీద పెట్టాక కారుని చేత్తో గట్టిగా ఊపి చూడాలి, కదలకపోతేనే కిందకి దూరాలి. కళ్ళకి గాగుల్స్ పెట్టుకోవాలి. పైకి చూస్తూ పనిచేస్తాం కాబట్టి తుప్పు పెచ్చులు సరిగ్గా కంట్లోకే రాలతాయి. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి.

ముందు వైర్ బ్రష్‌తో స్టడ్ బయటికి కనపడే మరలన్నీ తోమాలి, ఇది ఎవరూ చెయ్యరు. బయట ఉన్న మరల్లో తుప్పు గడ్డలుంటే నట్టు వదులై బయటికొచ్చేటప్పుడు మళ్ళీ అక్కడే ఇరుక్కుంటుంది. నాకు తెగకుండా మిగిలిన రెండు స్టడ్లకి 40 నిమిషాలు పట్టింది, ఎర్రటి పొడి రాలి రాలి కింద ఉన్న సన్నటి మెరుపు కనపడేదాకా తోమాను. ఆ తర్వాత నూనె. తుప్పు వదిలించే స్ప్రే ఏ స్పేర్స్ షాపులో ఐనా దొరుకుతుంది, ఇక్కడ బండి స్పేర్లకి పేరున్న పుదుపేట దాకా పోవక్కర్లేదు. డబ్ల్యూడీ-40 కూడా వాడొచ్చు, కానీ దాని పేరుకి అర్థమే నీళ్ళని తరిమేది అని, 1953లో ఆ పని కోసమే తయారైంది, తుప్పులోకి దూరడానికి విడిగా అమ్మే పెనెట్రేటింగ్ ఆయిలైతే ఇంకా మంచిది. మా బామ్మర్ది ఐతే గేర్ బాక్స్‌లో వాడే ఏటీఎఫ్ ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి వాడతాడు. రెండూ విడిపోతుంటాయి కాబట్టి వాడే ముందు ప్రతిసారీ కుదపాలి, భగ్గున అంటుకుంటుంది కాబట్టి జాగ్రత్తగా ఉండాలి, ప్లాస్టిక్ మీద పడనివ్వకూడదు. కొట్టి వెంటనే తిప్పితే దండగ. రాత్రంతా వదిలేయాలి, పొద్దున మళ్ళీ కొట్టి నట్టు తలమీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు మెల్లగా వేస్తే ఆ అదురుకి నూనె లోపలికి దిగుతుంది. గురువారం, శుక్రవారం, శనివారం ఇలాగే చేశాను. మూడు పూటలు దాటాక నట్టు చుట్టూ నూనె రంగు మారి ఎర్రగా చెమ్మ ఊరడం కనపడింది, అది చూసి చాలా సంతోషమేసింది, నూనె లోపల తుప్పులోకి దిగుతున్నట్టే కదా.

ఆదివారం వాడు వచ్చాడు. నా దగ్గరున్న 12 మూలల సాకెట్ చూసి పక్కన పడేసి "6 మూలలది తీసుకో బావా, ఇది తలని గుండ్రంగా చేసేస్తాది" అని సంచిలోంచి తనది తీశాడు. తుప్పు తింటే నట్టు సైజు తగ్గుతుంది, 12 ఎంఎం నట్టుకి 12 ఎంఎం సాకెట్ వదులుగా ఉంటే ఊగకుండా సుత్తితో కొట్టి దిగేంత బిగువైనది వెతకాలి, తొందరపడి వదులు పానా పెడితే మూలలు పోతాయి. అప్పుడు వాడు చేసిన పని నేను ఎప్పటికీ మర్చిపోను. విప్పడం మొదలుపెట్టకుండా ముందు బిగించే వైపుకి కొంచెం తిప్పాడు. వెంట్రుకవాసి కదిలి టిక్ అంది. తుప్పు పట్టు మొదట విరగాలి, ఏ వైపు విరిగినా ఫరవాలేదు, ఆ తర్వాత విప్పే వైపుకి పావు చుట్టు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి, మధ్యమధ్య నూనె.

ఇక్కడ చేతికి తెలియాల్సింది ఒకటుంది, రాతలో చెప్పగలనో లేదో. నట్టు వదులుతున్నప్పుడు కీచ్ మనో టిక్ మనో శబ్దం వస్తుంది, కదిలిన చోటే ఆగుతుంది. అలా కాకుండా తడి తువ్వాలు పిండినట్టు మెత్తగా తిరుగుతూ వదిలితే కొంచెం వెనక్కి వస్తుంటే అది నట్టు తిరగడం కాదు, స్టడ్ మెలిపడుతోంది, ఇంకో పావు చుట్టుకి తెగుతుంది. ఆ మెత్తదనం తగిలిన క్షణం పానా వదిలేయాలి. రెండో నట్టు దగ్గర నాకు అదే తగిలింది, ఆపేశాను. మా బామ్మర్ది నా చేతిలోంచి పానా తీసుకుని తనూ చూసి "కరెక్టే, దీనికి నిప్పు కావాల" అన్నాడు.

నిప్పు పెట్టే ముందు నూనె మొత్తం గుడ్డతో తుడిచేశాం. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ వైరు పక్కనే ఉంటుంది, దాన్ని పక్కకి కట్టి రేకు ముక్క అడ్డం పెట్టాం. పెట్రోల్ లైను కారు కింద ఎటునుంచి పోతోందో ముందే చూసుకోవాలి, సీఎన్జీ బండైతే ఇంట్లో నిప్పు పని పెట్టుకోకండి. బకెట్‌లో ఇసుకా, ఫైర్ ఎక్స్టింగ్విషరూ చేతికందేలా పెట్టుకున్నాం. బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట నిప్పు పెట్టొద్దు, కొన్ని రకాల్లో క్లోరిన్ ఉంటుంది, కాలితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో ఐతే అసలు టార్చ్ వెలిగించొద్దు, పక్క బండి ట్యాంకులో ఏముందో మనకి తెలీదు, పైన 40 కుటుంబాలుంటాయి.

వేడి నట్టుకి పెట్టాలి, స్టడ్‌కి కాదు. నట్టు వ్యాకోచించాలి. 10 ఎంఎం నట్టు 500 డిగ్రీలు వేడెక్కితే 0.06 ఎంఎం పెరుగుతుంది, వెంట్రుక మందం అంత, ఆ కాస్త చాలు లోపల తుప్పు పొడైపోవడానికి. నట్టు మసక ఎరుపు తిరిగాక కొంచెం చల్లారనిచ్చి, ఇంట్లో కరెంటు పోతే వెలిగించే మామూలు కొవ్వొత్తి దాని మొదట్లో తాకించాడు. మైనం కరిగి మరల్లోకి జుర్రుకున్నట్టు లోపలికి పోయింది, సన్నటి పొగ వచ్చింది. ఆ తర్వాత పానా పెడితే నట్టు కీచు మంటూ వచ్చేసింది. మా నాయన కొవ్వొత్తి వాడడం నేను చూళ్ళేదు, చూసుంటే ఎంత ఆనందపడేవాడో.

తెగిన స్టడ్ సంగతి. అది నట్టు దగ్గరే తెగింది కాబట్టి ఫ్లాంజ్ జారి కిందకి వచ్చాక మేనిఫోల్డ్ నుంచి సెంటీమీటరు మొండి బయటికి మిగిలింది. చుట్టూ మేనిఫోల్డుని వేడి చేసి, మొండిని వైస్ గ్రిప్‌తో, అదే బిగిసి పట్టే పట్టకారుతో, పట్టి ముందుకీ వెనక్కీ ఊపి ఊపి 20 నిమిషాల్లో తీశాడు. మట్టంగా తెగి ఉంటే ఐతే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి ఆ నట్టుతో తిప్పాలట, వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు పీకాలి. అదీ కుదరకపోతే చివరికి డ్రిల్లే. మొండి మధ్యలో సరిగ్గా పంచ్ చేసి విప్పే వైపుకి తిరిగే ఎదురు మర డ్రిల్ బిట్టుతో చేస్తే కొన్నిసార్లు డ్రిల్ చేస్తుండగానే వచ్చేస్తుంది. ఆ రంధ్రంలో దింపి మొండిని తిప్పి తీయడానికి స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ అని అమ్ముతారు, అది లోపల విరిగితే దాన్ని మామూలు డ్రిల్ కొరకలేదు, అంత గట్టి ఉక్కు, అందుకని అది చేతిలో అనుభవం ఉన్నవాళ్ళకే. మేనిఫోల్డ్ బిగించే ఇంజన్ పై భాగం, అదే సిలిండర్ హెడ్, ఇప్పటి కార్లలో ఎక్కువగా అల్యూమినియం, అందులోకి పోయే స్టడ్ తెగితే ఇంట్లో డ్రిల్ పట్టకుండా లేత్ షాపుకి తీసుకెళ్ళడం మేలు.

తిరిగి బిగించేటప్పుడు పాత నట్లు, పాత స్టడ్లు వెయ్యలేదు. కొత్తవి, కొత్త గ్యాస్కెట్, మరలు మళ్ళీ కరుచుకోకుండా వాటికి రాగి రంగు యాంటీ సీజ్ పేస్టు, పలచగా. ఆ పేస్టు రాస్తే మర జారుడుగా ఉంటుంది కాబట్టి మామూలు టార్క్ పెడితే ఎక్కువ బిగుసుకుంటుంది, కొంచెం తగ్గించాలి. మొత్తం ఖర్చు 900 రూపాయలు దాటలేదు, 22 వేలు చెప్పిన పనికి. ఇంజన్ స్టార్ట్ చేసి జాయింట్‌కి తగలకుండా కాస్త ఎడంగా చెయ్యి పెట్టి చూశాం, గాలి తగల్లేదు, శబ్దం పోయింది. మైలేజీ కూడా మెరుగైంది, లీకు సెన్సర్‌కి ముందు ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని, పెట్రోలు తక్కువ పోతోందని సెన్సర్ తప్పుగా చెప్తుంది, కంప్యూటర్ ఇంకా ఎక్కువ పోస్తుంది.

ఎడిటర్ గారూ, ఇంత పొడుగ్గా రాసింది మొత్తం వేసినా ఒక ముక్క వేసినా సరే, మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ప్రతి సంవత్సరం అక్టోబర్లో ఇక్కడ వానలు మొదలయ్యే ముందు ఇళ్ళ గురించి, కరెంటు గురించి జాగ్రత్తలు వేస్తారు కదా, అందులో కారు అడుగు గురించి నాలుగు లైన్లు చేర్చండి. నీళ్ళలో మునిగిన బండికి సైలెన్సర్ నట్లు వానాకాలం అయిపోగానే ఒకసారి వదులు చేసి పేస్టు రాసి మళ్ళీ బిగించమని, పుస్ మనే శబ్దం వస్తే అద్దాలు దించుకుని నడపమని, అంతే చాలు. వర్క్‌షాపు వాళ్ళు కూడా ఇది చదివితే ఒక విన్నపం, మీ చేతిలో స్టడ్ తెగితే తెగిందని చెప్పండి, అది మాకు అర్థమవుతుంది, పాత బండికి తెగుతాయి. నూనె కొట్టి రేపు రండి అని చెప్పినా మేం రేపే వస్తాం.

మా చిన్నది ఇప్పుడు బాగుంది. మళ్ళీ ఉగాదికి నాయుడుపేట వెళ్తున్నాం, సూళ్ళూరుపేటలో అదే టీ కొట్టు దగ్గర ఆగి ఆ డ్రైవర్ గురించి అడుగుతాను.

ఇట్లు,
తిరువాన్మియూర్, చెన్నై నుంచి
మీ పాఠకుడు